హాల్ టికెట్‌లో 19, మనసులో 05

ప్రశ్న: నమస్తే మేడం. మాది ఆర్మూర్ దగ్గర ఊరు. నాన్న పసుపు వేస్తారు. ఎప్‌సెట్‌లో నాకొచ్చిన ర్యాంకుకు హైదరాబాద్ శివార్లలోని ఒక కాలేజీలో సీఎస్ఈ రాలేదు, ఎలక్ట్రానిక్స్ అండ్ కంప్యూటర్ ఇంజినీరింగ్ (ఈసీఎం) వచ్చింది. జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీయే. పేరులో కంప్యూటర్ ఉంది కదా అని చేరిపోయాను. ఫస్టియర్‌లో 8.4 వచ్చింది. సెకండియర్ మొదలై నెలైంది. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ క్లాసులో కూర్చుంటే ఏడుపొస్తోంది. నా రూమ్మేట్ సీఎస్ఈ. తను హాయిగా కోడింగ్ చేసుకుంటుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లున్నారు, రెండు లక్షలిస్తే బ్రాంచి మారుస్తారని ఒక సీనియర్ చెప్పాడు. పసుపు అమ్మిన డబ్బులో తీసిస్తానని నాన్న అంటున్నారు. లేకపోతే మానేసి మళ్లీ ఎప్‌సెట్ రాయమంటారా? డల్లాస్‌లో ఉన్న మా బావేమో ఈసీఎంకు అమెరికాలో విలువే లేదంటున్నాడు.
– పేరు వేయొద్దు, ఆర్మూర్

జవాబు: ముందు నాన్నకు ఫోన్ చేసి ఆ రెండు లక్షలు ముట్టుకోవద్దని చెప్పమ్మా. మిగతాది తర్వాత చదువుదువుగాని. నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకు, ముప్ఫై ఏళ్లు క్లాసులో అలవాటైన నోరు.

నీ హాల్ టికెట్ నంబరు ఒకసారి తీసి చూడు. మొదటి రెండంకెలు నువ్వు చేరిన సంవత్సరం. తర్వాతది కాలేజీ కోడ్. చివర్లో నీ వరస సంఖ్యకు ముందున్న రెండంకెలు బ్రాంచి. 05 అంటే సీఎస్ఈ, 04 అంటే ఈసీఈ, నీది 19 అయి ఉంటుంది. అడ్మిషన్ల ప్రక్రియ పూర్తయ్యాక బ్రాంచి మార్పిడి లేదని జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ రెగ్యులేషన్లలో ఒకే ఒక్క వాక్యంలో తేల్చేశారు. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ పీడీఎఫ్ ఉంటుంది, నువ్వే చదువుకో. కాబట్టి మీ సీనియర్‌కు తెలిసినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా ఆ 19ని 05 చేయలేరు.

మరి డబ్బు తీసుకుని ఏం చేస్తారంటావా? ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఏ కాలేజీ అని అడగొద్దు. వాళ్ల నాన్న డబ్బు కట్టాడు, కుర్రాడు దర్జాగా వెళ్లి సీఎస్ఈ సెక్షన్‌లో కూర్చున్నాడు. మిడ్ పరీక్ష కూడా అక్కడే రాశాడు. సెమిస్టర్ చివర హాల్ టికెట్ చేతికొచ్చాక చూస్తే పాత బ్రాంచి సబ్జెక్టులున్నాయి. తను చదవని సబ్జెక్టులకు పరీక్ష! ఆ సెమిస్టర్‌లో నాలుగు బ్యాక్‌లాగులు. డబ్బు తీసుకున్నాయన ఫోన్ ఎత్తితే ఒట్టు.

బ్రాంచి మారడానికి నిజమైన సమయం ఒకటుంటుంది. అది కౌన్సెలింగ్ విడతలు నడుస్తున్నప్పుడు, అవయ్యాక అదే కాలేజీలో ఖాళీలు మిగిలితే జరిగే ఇంటర్నల్ స్లైడింగ్‌లో. నీకది ఏడాది కిందటే దాటిపోయింది. మీ తమ్ముడో చెల్లెలో ఇంటర్‌లో ఉంటే వాళ్లకు చెప్పి ఉంచు. ఐఐటీలు, ఎన్‌ఐటీల్లో ఫస్టియర్ మార్కులను బట్టి బ్రాంచి మారనిచ్చే పద్ధతి ఉంది, అది వేరే లోకం. అక్కడ కూడా కొన్ని ఐఐటీలు ఈమధ్య దాన్ని ఎత్తేశాయి. ఫస్టియర్ అంతా పిల్లలు దాని టెన్షన్‌తోనే గడుపుతున్నారన్నది ఆ ఎత్తివేతకు ఒక కారణం.

మానేసి మళ్లీ రాయడం గురించి. చట్టప్రకారం ఎవరూ ఆపరు. కానీ లెక్క వేసుకో. ఇప్పుడు మానేస్తే వచ్చే ఎప్‌సెట్ దాకా ఇంట్లో ఉండాలి. ఇంటర్ ఫిజిక్స్, కెమిస్ట్రీ మళ్లీ ముందేసుకోవాలి. ర్యాంకు మెరుగవుతుందన్న హామీ లేదు. వచ్చినా ఫస్టియర్ ఇంజినీరింగ్ డ్రాయింగ్ మళ్లీ గీయాలి. మొత్తం రెండేళ్లు పోతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒకసారి వాడుకున్నాక కొత్త సీటుకు వర్తిస్తుందా లేదా అన్నది అధికారికంగా కనుక్కోకుండా అడుగు వేయకు. ఇంకో తలనొప్పి ఉంది. మానేస్తానని ఆఫీసుకు వెళ్లగానే చాలా కాలేజీలు మిగిలిన మూడేళ్ల ఫీజు కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామంటాయి. అలా పట్టి ఉంచకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ స్పష్టంగా చెప్పాయి. అయినా అడుగుతారు, తల్లిదండ్రులు భయపడి కడతారు. నువ్వు మానకపోయినా ఈ ముక్క గుర్తుంచుకో, ఎవరికైనా పనికొస్తుంది.

ఇక అసలు విషయానికొస్తాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో కంప్యూటర్ సైన్స్ మీద ఇష్టమని ఒక్క మాట కూడా లేదు. సిగ్నల్స్ మీద భయముంది, రూమ్మేట్‌తో పోలిక ఉంది, బావ మాట ఉంది. ఇవేవీ బ్రాంచి మారడానికి కారణాలు కావమ్మా.

మైక్రోప్రాసెసర్ ల్యాబ్ ఇంకా రాలేదు కదా నీకు. వచ్చాక 8085 అనే చిప్ మీద నడిచే, ఎర్ర డిస్‌ప్లే ఉన్న ఒక కిట్ ఇస్తారు, నాకంటే ముసలిదై ఉంటుంది. మొదటిరోజు ప్రోగ్రాం ఎప్పుడూ ఒకటే. అయిదు, మూడు కలపాలి. కీప్యాడ్ మీద 3ఈ, 05, 06, 03, 80 అని ఒక్కో బైట్ కొట్టాలి. 3ఈ అంటే పక్కనున్న సంఖ్యను ‘ఏ’ అనే రిజిస్టర్‌లో, అంటే చిప్ లోపలి చిన్న అరలో, పెట్టు అని. 06 అంటే ‘బి’ రిజిస్టర్‌లో పెట్టు అని. 80 అంటే రెండూ కలుపు అని. ఒకమ్మాయికి ఎనిమిది రావాల్సిన చోట నాలుగొచ్చింది. కిట్ పాడైందని అందరూ అన్నారు. పక్క బెంచీకి వెళ్లి చేసుకోమన్నాను నేను కూడా. ఆ పిల్ల కదల్లేదు. ల్యాబ్ టైము అయిపోయినా స్టూలు మీంచి లేవకుండా ఒక్కో అడ్రస్ తెరిచి చూసి పట్టుకుంది. 3ఈకి బదులు 3సీ కొట్టింది. 3సీ అంటే ‘ఏ’లో ఉన్నదానికి ఒకటి కలుపు అని. అప్పుడు పక్కనున్న 05 సంఖ్యగా కాక ఇంకో ఆజ్ఞగా మారిపోయింది, ‘బి’లోంచి ఒకటి తీసెయ్ అని. ‘ఏ’లో ముందు సున్నా ఉంది కాబట్టి ఒకటైంది, తర్వాత ‘బి’లోకి మూడు వచ్చి చేరింది, ఒకటీ మూడూ నాలుగు. అదే 05, దాని ముందేముందో దాన్నిబట్టి ఒకసారి అంకె, ఒకసారి ఆజ్ఞ! ఇది కనిపెట్టినప్పుడు ఆ పిల్ల ముఖం చూడాల్సింది. అటెండర్ తాళాలు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు, ఆ పిల్లకు వినిపిస్తే కదా. అదీ కంప్యూటర్ ఇంజినీరింగ్.

కంప్యూటర్ సైన్స్‌లో ఆనందం ఇంకో రకం. పది లక్షల అంకెలను చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరస పెట్టాలి. బబుల్ సార్ట్‌తో చేస్తే సుమారు యాభై వేల కోట్ల పోలికలు పడతాయి. మెర్జ్ సార్ట్‌తో చేస్తే రెండు కోట్లలో అయిపోతుంది. మెషీన్ అదే, కరెంటు అదే, మారింది ఆలోచన ఒక్కటే. దీనికి మించి తగ్గించగలమా, తగ్గించలేమని కాగితం మీద రుజువు చేయగలమా అని రాత్రంతా కూర్చునేవాళ్లు కంప్యూటర్ సైన్స్‌వాళ్లు. కోడింగ్ ఇద్దరూ చేస్తారు.

ఈ రెండింటిలో ఏది చదువుతుంటే నీకు ఇంకాస్త ముందుకు జరిగి కూర్చోవాలనిపించింది? నాకు రాసి పంపకు. నీకు తెలిస్తే చాలు.

రెండోదే అనిపిస్తే కూడా బ్రాంచి మారనక్కర్లేదు. నీ నాలుగేళ్ల సిలబస్, మీ రూమ్మేట్‌ది పక్కపక్కన పెట్టి చూడు. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ నెట్‌వర్క్స్ లాంటివి రెండింటిలోనూ కనిపిస్తాయి. నీకు సాధారణంగా తగ్గేవి డిస్క్రీట్ మ్యాథమెటిక్స్, అల్గారిథమ్స్, ఆటోమాటా, కంపైలర్లు. అంటే నాలుగైదు సబ్జెక్టులు. రెండు లక్షలు పెట్టి కొనబోయింది ఈ నాలుగైదు సబ్జెక్టులనన్నమాట. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఇవన్నీ ఎక్కువగా ఐఐటీ మాస్టార్లే చెబుతారు, వినడం ఉచితం. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు, కోర్సుకు వెయ్యి రూపాయలుగా ఉంటూ వచ్చింది. డిస్క్రీట్ మ్యాథ్స్‌తో మొదలుపెట్టు, ఒక సెమిస్టర్‌కు ఒక్కటే. ఒకేసారి నాలుగు మొదలుపెట్టి నాలుగూ రెండో వారంలో ఆపేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. మీ కాలేజీలో మైనర్ డిగ్రీ, అంటే నీ బ్రాంచితో పాటు ఇంకో సబ్జెక్టులో చిన్న డిగ్రీ, ఇస్తుంటే అదీ అడుగు. మామూలు 160 క్రెడిట్ల పైన 18, 20 క్రెడిట్లు ఎక్కువ చదవాలి. అయితే నీ బ్రాంచిలో ఇప్పటికే కంప్యూటర్ ఉంది కాబట్టి సీఎస్ఈ మైనర్‌కు ఒప్పుకోకపోవచ్చు. డేటా సైన్స్ లాంటివి ఏమున్నాయో హెచ్‌ఓడీని అడుగు.

ఇక నీ సిగ్నల్స్ ఏడుపు. కన్వల్యూషన్ దగ్గర ఆగిపోయి ఉంటావు, అందరూ అక్కడే ఆగుతారు. ఒక సిగ్నల్‌ను తిప్పాలి, జరపాలి, గుణించాలి, కలపాలి. రెండు కాగితపు ముక్కలు కత్తిరించి, ఒకదాని మీద 1, 2, 3 అని, ఇంకోదాని మీద 1, 1 అని రాసి, రెండోదాన్ని తిప్పి, ఒక్కో గడి జరుపుతూ చేత్తో కలుపు. 1, 3, 5, 3 వస్తుంది. మూడుసార్లు చేశాక ఫార్ములా చూడు. మీ రూమ్మేట్ ఫైనలియర్ ప్రాజెక్టుకు సీఎన్‌ఎన్, సీఎన్‌ఎన్ అంటూ తిరుగుతుంది చూడు, అది కన్వల్యూషనల్ న్యూరల్ నెట్‌వర్క్, అందులో సీ ఈ కన్వల్యూషనే. అప్పుడు నీ దగ్గరికే వస్తుంది.

బ్రాంచి పేరు అసలు ఎక్కడా అడ్డురాదని నేను అనను, అది అబద్ధం. పెద్ద ఐటీ కంపెనీల్లో చాలావాటికి బీటెక్ ఏ బ్రాంచి అయినా ఒకటే. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో కంప్యూటర్ సైన్స్ పేపర్ నువ్వు నిక్షేపంగా రాయొచ్చు. కానీ ఇస్రో లాంటి సంస్థల నోటిఫికేషన్లలో బ్రాంచి పేర్లు రాసి మరీ అడుగుతారు, ఎలక్ట్రానిక్స్ వేరు, కంప్యూటర్ సైన్స్ వేరు. నీ డిగ్రీలో రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి ప్రతిసారీ అర్హతల కాలమ్ అక్షరం అక్షరం చదువుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగమే నీ లక్ష్యమైతే ఇది చిన్న విషయం కాదు. ఇంకోవైపు హైదరాబాద్‌లోనే క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా, మైక్రాన్ ఆఫీసులున్నాయి. చిప్‌కూ ప్రోగ్రాంకూ మధ్య గోడ ఎక్కడుందో తెలిసినవాళ్లు వాళ్లకు కావాలి.

మీ బావ సంగతికి రెండో ఉత్తరంలో జవాబు దొరుకుతుంది. అదీ అమెరికా నుంచే వచ్చింది.

ప్రశ్న: మేడం గారూ, మాది ఒంగోలు. టెక్సస్‌లో ఎంఎస్ కంప్యూటర్ ఇంజినీరింగ్‌లో మొదటి సెమిస్టర్ పూర్తి చేశాను. ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లోనే కనిపిస్తున్నాయి, అదే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కు మారదామనుకుంటున్నాను. వీసా పోతుందని ఒకరు, ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి) తగ్గుతుందని ఒకరు, గదిలో రోజుకో మాట. భయంగా ఉంది.
– ఎంఎస్ విద్యార్థి, టెక్సస్

జవాబు: గదిలో నలుగురున్నప్పుడు నాలుగు మాటలు తప్పవు. వంట ఎవరిదో తేల్చుకోలేనివాళ్లు వీసా రూల్స్ తేల్చేస్తారు.

అదే యూనివర్సిటీలో, అదే ఎంఎస్ స్థాయిలో కోర్సు మారితే ఎఫ్-1 స్టూడెంట్ వీసా స్టాంపు మళ్లీ వేయించుకోనక్కర్లేదు. కొత్త డిపార్ట్‌మెంట్ నిన్ను చేర్చుకున్నాక ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ, సెవిస్ అనే ప్రభుత్వ రికార్డులో మార్చి కొత్త ఐ-20 (నీ కోర్సు వివరాలుండే పత్రం) ఇస్తారు. ఊరికి వస్తే ఆ కొత్తదాన్నే, ట్రావెల్ సంతకంతో తెచ్చుకో. ఐ-20 మీద నీ కోర్సు పక్కన ఒక కోడ్ ఉంటుంది. కంప్యూటర్ ఇంజినీరింగ్‌ది 14.09తో మొదలవుతుంది, కంప్యూటర్ సైన్స్‌ది మామూలుగా 11.01 లేదా 11.07తో. రెండూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్నవే. కాబట్టి ఓపీటీ పన్నెండు నెలలు, దాని మీద ఇరవై నాలుగు నెలల పొడిగింపు ఏ దారిలోనైనా అంతే. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి, చివరి మాట మీ డీఎస్‌ఓది. నాది కాదు, నీ రూమ్మేట్లది అసలే కాదు.

అసలు ఖర్చు వేరే చోట ఉంది. కంప్యూటర్ ఇంజినీరింగ్ అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ వేరే డిపార్ట్‌మెంట్. నువ్వు పక్క గదిలోకి మారుతున్నాననుకుంటావు, వాళ్ల దృష్టిలో కొత్తగా అప్లై చేసినవాడివి. నీ బీటెక్‌లో అల్గారిథమ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ లేకపోతే ముందు లెవెలింగ్ కోర్సులు చేయమంటారు. వాటికి డబ్బు కట్టాలి, డిగ్రీలో మాత్రం లెక్కకు రావు. మొదటి సెమిస్టర్‌లో చేసిన కోర్సుల్లో ఎన్నిటిని ఒప్పుకుంటారో రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే మారు. ఒక్క సెమిస్టర్ పెరిగినా మీ నాన్నగారు తెచ్చిన లోన్ మీద వడ్డీ ఒంగోలులో తిరుగుతూనే ఉంటుంది. ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంట్‌షిప్ ఉంటే అది పోయే అవకాశమూ ఉంది.

నేనైతే మారకుండా ఒక పని చేసి చూస్తాను. ఇప్పుడున్న కోర్సులోనే ఎలెక్టివ్‌లుగా కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌వి ఎన్ని తీసుకోనిస్తారో అడుగుతాను. రెండు మూడు తీసుకోనిస్తే నీకు కావాల్సింది దొరికినట్టే.

విలువ సంగతి అడిగిన ఆర్మూర్ బావ కోసం ఒక మాట. అమెరికాలో మొదటి కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ 1962లో పర్డ్యూ యూనివర్సిటీలో పెట్టారు. కంప్యూటర్ ఇంజినీరింగ్ డిగ్రీ 1971లో కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో మొదలైంది. ఒకటి లెక్కల వాసనతో పుట్టింది, ఇంకోటి కరెంటు వాసనతో. బర్కిలీ యూనివర్సిటీలో ఈఈసీఎస్ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ కలిపి) చదివితే బీఎస్ ఇస్తారు, విడిగా కంప్యూటర్ సైన్స్ చదివితే బీఏ. అవును, మన ఊళ్లో బీఏ అంటే ముఖం చిట్లించే ఆ బీఏనే. ఇద్దరూ చాలావరకు ఒకే క్లాసుల్లో కూర్చుంటారు, ఉద్యోగాలూ పక్కపక్క సీట్లలోనే చేస్తారు.

ప్రశ్న: నేను అందరికీ రివర్స్ మేడం. భీమవరంలో సీఎస్ఈ థర్డియర్. నాకు చిప్ డిజైన్ ఇష్టం. సీఎస్ఈ వచ్చి ఎలక్ట్రానిక్స్ కావాలంటున్నావా, పిచ్చా అని ఇంట్లో తిడుతున్నారు.
– ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: పిచ్చి కాదు నాయనా. నేను నీకు అటువైపు నుంచి వచ్చాను. ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ చేసి ఎంటెక్‌లో కంప్యూటర్ సైన్స్‌కు మారాను. ఆటోమాటా మొదటి ఇంటర్నల్‌లో ఇరవైకి ఏడొచ్చాయి. అందులో పంపింగ్ లెమ్మా అనే సిద్ధాంతం పేరు విని ఏదో మోటారు సంగతనుకున్నాను, నవ్వకు. హాస్టల్లో పక్క గది అమ్మాయి కూర్చోబెట్టి నేర్పింది. నీకూ ఒకట్రెండు అలాంటి దెబ్బలు తగులుతాయి, ముఖ్యంగా అనలాగ్ సర్క్యూట్ల దగ్గర.

వీఎల్‌ఎస్‌ఐలో, అంటే చిప్ డిజైన్‌లో, ఎంటెక్‌కు మంచి సీటు కావాలంటే గేట్‌లో ఎలక్ట్రానిక్స్ పేపర్ రాయాలి. కొన్నిచోట్ల డిగ్రీ కూడా ఆ బ్రాంచిదే కావాలంటారు, కాబట్టి కాలేజీల జాబితా ముందే వేసుకో. చిప్ కంపెనీల్లో వెరిఫికేషన్ అనే పని ఉంది. డిజైన్ చేసినదాంట్లో తప్పులు వెతకడం. అది సగం ప్రోగ్రామింగే, సీఎస్ఈ పిల్లలకు బాగా నప్పుతుంది.

ఇంట్లోవాళ్లను ఒప్పించడం తర్వాత. ముందు ఈ ఆదివారం ల్యాప్‌టాప్‌లో ఐకారస్ వెరిలాగ్, జీటీకే వేవ్ పెట్టుకో, మొదటిది కోడ్‌గా రాసిన సర్క్యూట్‌ను నడుపుతుంది, రెండోది ఫలితాన్ని వేవ్‌ఫామ్‌గా గీసి చూపిస్తుంది, రెండూ ఉచితమే. సున్నా నుంచి పదిహేను దాకా లెక్కపెట్టే నాలుగు బిట్ల కౌంటర్ ఒకటి రాయి. మొదటిసారి నడిపినప్పుడు వేవ్‌ఫామ్‌లో అంకెలకు బదులు ఎర్రగా ఎక్స్‌లు కనిపిస్తే కంగారు పడకు, రీసెట్ పెట్టడం మర్చిపోయి ఉంటావు. అది పెట్టాక నడుస్తుంది. పదిహేను తర్వాత పదహారు రాకుండా మళ్లీ సున్నా ఎందుకొచ్చిందో మీ నాన్నగారికి చెప్పి చూడు.